జొల్లు చుక్కలు లెక్కపెట్టిన శాస్త్రవేత్త - పావ్లోవ్

చింతకాయ అన్న మాట వింటే చాలు, మనకు నోట్లో నీళ్ళూరుతాయి. చింతకాయ నోట్లో పెట్టుకుంటే నీళ్ళూరాయంటే అర్థముంది. పేరు వింటేనే ఎందుకు ఊరాలి? ఈ చిన్న ప్రశ్న పట్టుకుని ముప్పై ఏళ్ళకు పైగా కష్టపడ్డవాడు ఇవాన్ పెట్రోవిచ్ పావ్లోవ్.

పావ్లోవ్ 1849 సెప్టెంబర్ 26న రష్యాలోని ర్యాజాన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి చర్చిలో పూజారి. ఇంటినిండా పిల్లలు, వారిలో ఇతనే పెద్దవాడు. చిన్నప్పుడు ఎత్తు మీద నుంచి రాళ్ళ నేల మీద పడి బాగా దెబ్బ తగిలింది. ఆ దెబ్బకు చాలా కాలం కోలుకోలేదు. అందుకని బడిలో చేరేసరికి పదకొండేళ్ళు వచ్చాయి. మన దగ్గర కూడా ఆలస్యంగా బడిలో చేరినవాళ్ళున్నారు గదా, వాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవచ్చు.

తండ్రిలాగే పూజారి కావాలని మత పాఠశాలలో వేశారు. కాని అక్కడ ఉండగా సెచెనోవ్ అనే శాస్త్రవేత్త మెదడు పనితీరు మీద రాసిన పుస్తకం చదివాడు. ఇక మనసు మళ్ళిపోయింది. 1870లో ఆ చదువు వదిలి సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో సైన్సులో చేరాడు. తర్వాత వైద్యం కూడా చదివి 1883లో డాక్టరేటు పొందాడు.

1881లో సెరఫీమా అనే ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. సంసారం బహు కష్టంగా నడిచింది. మొదటి బిడ్డ చనిపోయాడు. ఇంట్లో డబ్బు లేదని శిష్యులు కొంత పోగుచేసి ఇస్తే, ఆ డబ్బుతో ప్రయోగాలకు జంతువులు కొనేశాడట! ఆ ఇల్లాలు ఏమనుకుందో పాపం.

1890 తర్వాత పరిస్థితి మెరుగైంది. ప్రొఫెసర్ అయ్యాడు, సొంత ప్రయోగశాల దొరికింది. తిన్న తిండి ఎలా అరుగుతుందో కుక్కల మీద పరిశోధించాడు. అంతకు ముందు చాలామంది జంతువును కోసి చూసేవారు, అది చచ్చిపోయేది. పావ్లోవ్ అలా కాదు. శుభ్రంగా ఆపరేషన్ చేసి, గాయం మానాక, బతికున్న కుక్క కడుపులో రసం ఎప్పుడు ఎంత ఊరుతుందో బయటి నుంచే కొలిచాడు. ఈ పనికే 1904లో నోబెల్ బహుమతి వచ్చింది. నోబెల్ అందుకున్న మొదటి రష్యన్ ఇతనే. జొల్లు కథకు కాదండీ ఆ బహుమతి, జీర్ణక్రియకు! ఇది చాలామందికి తెలియదు.

జొల్లు కథ ఈ పనిలోంచే పుట్టింది. కూడు పెట్టకముందే, కూడు తెచ్చే మనిషి అడుగుల చప్పుడుకే కుక్కకు జొల్లు కారుతోంది. ఇతరులైతే విసుక్కుని వదిలేసేవారు. పావ్లోవ్ వదలలేదు. కుక్క మనసులో ఏమనుకుంటోందో మనకు తెలియదు, జొల్లు చుక్కలైతే లెక్కపెట్టగలం అని అటువైపు వెళ్ళాడు. లాలాజలం వచ్చే గొట్టం మొనను చెంప బయటికి తెచ్చి చుక్కలు లెక్కించాడు. అందరూ గంట అంటారు గాని, అతడు ఎక్కువగా వాడింది మెట్రోనోమ్, అంటే సంగీతం నేర్చుకునేవాళ్ళు తాళం కోసం పెట్టుకునే టక్ టక్ మనే పరికరం. దీపం వెలిగించడం, చర్మాన్ని తాకడం కూడా వాడాడు. టక్ టక్ వినిపించి వెంటనే కూడు పెట్టాలి. ఇలా మళ్ళీ మళ్ళీ చేస్తే, కొన్నాళ్ళకు ఉత్త చప్పుడుకే జొల్లు వస్తుంది. మన సైన్సు పుస్తకంలో దీన్నే నిబంధన అన్నారు.

కాని అసలు తమాషా ఇక్కడుంది. చప్పుడు చేస్తూ కూడు పెట్టకపోతే? చుక్కలు తగ్గుతూ తగ్గుతూ చివరికి సున్నా అవుతాయి. కుక్క మర్చిపోయిందా? లేదు. మర్నాడు అదే చప్పుడు చేస్తే మళ్ళీ కొంచెం జొల్లు వస్తుంది! నేర్చింది చెరిగిపోలేదు, మెదడు దాన్ని లోపల అణచిపెట్టింది అన్నమాట. మధ్యలో ఏదైనా కొత్త శబ్దం వస్తే కూడా ఆ అణిగింది పైకి లేస్తుంది.

ఇంకో సంగతి. ఏ కొత్త శబ్దం విన్నా కుక్క చెవులు రిక్కించి అటు తిరుగుతుంది. ఆ శబ్దం వల్ల మంచీ చెడూ ఏమీ లేకపోతే, కొన్నిసార్లయ్యాక పట్టించుకోదు. మన హాస్టల్లో కొత్తగా చేరిన చిన్నపిల్లలు పొద్దుటి గంటకు ఉలిక్కిపడి లేస్తారు, పెద్ద తరగతుల అన్నలు దుప్పటి ముసుగు తన్నుతారు. అదే మెస్ గంటకు మాత్రం అందరూ లేస్తారు! వార్డెన్ గారు కోపగించుకోకూడదు, ఇది శాస్త్రం. పావ్లోవ్ శిష్యుడు క్రాస్నోగోర్‌స్కీ చిన్నపిల్లల్లో కూడా ఇలాంటి నిబంధనలు ఏర్పడతాయని చూపించాడు.

ఒక ప్రయోగం చదివితే నాకు బాధ కలిగింది. వృత్తం చూపితే కూడు, కోడిగుడ్డు ఆకారం చూపితే లేదు. కుక్క తేడా నేర్చుకుంది. ఆ గుడ్డు ఆకారాన్ని రోజురోజుకు గుండ్రంగా మార్చుతూ పోయారు. నిలువు అడ్డం కొలతలు 9కి 8 దాకా వచ్చేసరికి కుక్క తట్టుకోలేకపోయింది. అరిచింది, గింజుకుంది, పరికరాలు కొరికింది. ముందు సులువుగా చెప్పగలిగిన తేడాలు కూడా పోయాయి. శక్తికి మించి పరీక్ష పెడితే వచ్చిన చదువు కూడా పోతుందని తేలింది, నిజమే. అయినా ఆ కుక్క ఏం పాపం చేసింది?

1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడ్‌కు పెద్ద వరద వచ్చింది. కుక్కల బోనుల్లోకి నీళ్ళు చేరాయి. వాటిని ఈదించి బయటికి తెచ్చారు. ఆ తర్వాత కొన్ని కుక్కలు నేర్చింది అంతా పోగొట్టుకున్నాయి. ఒక కుక్క నెమ్మదిగా బాగుపడింది, అప్పుడు తలుపు కింద నుంచి కొంచెం నీళ్ళు పారనిచ్చారు. అంతే, మళ్ళీ మొదటికి వచ్చింది. ఒక్కసారి కలిగిన భయం కూడా ఎంత లోతుకు పోతుందో చూడండి.

అదే 1924లో మరొకటి జరిగింది. పూజారుల కొడుకులన్న కారణంతో కొందరు విద్యార్థులను మిలటరీ మెడికల్ అకాడమీ నుంచి తీసేశారు. తానూ పూజారి కొడుకునేనని చెప్పి పావ్లోవ్ అక్కడి ప్రొఫెసర్ ఉద్యోగం వదిలేశాడు. అప్పటికి అతనికి 75 ఏళ్ళు. ప్రభుత్వం అతని ప్రయోగశాలకు అన్ని సౌకర్యాలూ ఇస్తోంది. 1921లో లెనినే స్వయంగా ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. అయినా తప్పు అనిపించింది తప్పు అనేవాడు. పుట్టుకను బట్టి చదువు ఆపడం ఏమిటని ఆ ముసలాయన నిలబడ్డాడు. నోబెల్ కన్నా నాకు ఇదే పెద్దగా కనిపిస్తుంది.

1935లో అతను పనిచేసిన సంస్థ ఆవరణలో కుక్కకు ఒక విగ్రహం పెట్టారు. మరుసటి సంవత్సరం 1936 ఫిబ్రవరి 27న న్యుమోనియాతో పావ్లోవ్ కన్నుమూశాడు. ర్యాజాన్‌లో అతని ఇల్లు ఇప్పుడు మ్యూజియం.