వలస పక్షుల సంరక్షణకు బాట వేసిన డాక్టర్ సలీం అలీ

సైబీరియా, మధ్య ఆసియా ప్రాంతాల నుండి ఏటా శీతాకాలంలో మన దేశపు సరస్సులకు, చెరువులకు తరలివచ్చే నీటి పక్షుల రాకపోకలను శాస్త్రీయంగా నమోదు చేయించి, వాటి సంరక్షణ ఏ ఒక్క దేశం వల్లనో సాధ్యం కాదని ఆధారాలతో చూపినవారిలో అగ్రగణ్యులు డాక్టర్ సలీం అలీ. విశ్వవిద్యాలయ పట్టా లేకుండానే ప్రపంచ ప్రఖ్యాతి గాంచిన ఈ పక్షి శాస్త్రవేత్త జీవితం ప్రకృతి పరిరక్షణ రంగంలో పనిచేసే వారందరికీ మార్గదర్శకం.

సలీం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించారు. పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి, మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట పెరిగారు. బాల్యంలో ఎయిర్‌గన్‌తో కొట్టిన ఒక పిచ్చుక మెడపై పసుపు మచ్చ కనిపించగా, అది ఏ జాతిదో తెలుసుకోగోరి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యాలయానికి వెళ్లారు. కార్యదర్శి మిల్లార్డ్ ఆ బాలునికి సొసైటీ సేకరించిన పక్షుల నమూనాలను చూపారు. ఆనాడు సొసైటీతో ఏర్పడిన అనుబంధం జీవితాంతం కొనసాగింది.

బర్మాలో కుటుంబ వ్యాపారం చూస్తూ కొన్నేళ్లు గడిపిన ఆయన, 1918లో తెహ్మీనాను వివాహమాడారు. 1926లో బొంబాయిలోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా చేరారు. తదుపరి జర్మనీ వెళ్లి బెర్లిన్‌లో ప్రసిద్ధ శాస్త్రవేత్త ఎర్విన్ స్ట్రెస్మాన్ వద్ద శిక్షణ పొందారు. పక్షి కాలికి సంఖ్య గల లోహపు వలయం తొడిగి దాని పయనాన్ని తెలుసుకునే పద్ధతిని అక్కడే పరిశీలించారు. 1930లో స్వదేశానికి తిరిగి వచ్చేసరికి నిధుల కొరత వల్ల ఆయన ఉద్యోగం రద్దయింది. దిగులుపడక కిహిం గ్రామంలో నివసిస్తూ గిజిగాడి గూళ్లను పరిశీలించి రాసిన పరిశోధన ఆయనకు పేరు తెచ్చింది.

తెలుగు నేలతో ఆయనకు సన్నిహిత సంబంధం ఉంది. 1931-32లో నాటి హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వేను ఆయనే నిర్వహించారు. సంస్థానాలలో ఆయన చేపట్టిన ప్రాంతీయ సర్వేలకు ఇదే నాంది. సర్వే ఫలితాలు సొసైటీ పత్రికలో వెలువడ్డాయి. 1978లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ప్రదానం చేసింది.

వలస పక్షుల అధ్యయనానికి అవకాశం అనుకోని విధంగా లభించింది. 1957లో నాటి మైసూరు రాష్ట్రంలోని క్యాసనూర్ అడవిలో కోతులకు, మనుషులకు ప్రాణాంతక జ్వరం సోకింది. ఆ వైరస్‌కు, రష్యా ప్రాంతంలోని ఒక వైరస్‌కు పోలికలు ఉన్నందున, వలస పక్షులపై ఉండే పిడుదుల ద్వారా అది వచ్చి ఉండవచ్చునని అనుమానించారు. ఈ సందర్భాన్ని సలీం అలీ సద్వినియోగం చేసుకున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సహాయంతో 1959లో సొసైటీ ఆధ్వర్యంలో పక్షుల వలస అధ్యయన పథకం ప్రారంభమైంది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్, తమిళనాడులోని పాయింట్ కాలిమేర్ వంటి చోట్ల వేలాది పక్షులకు వలయాలు తొడిగారు. ఒక్కొక్క వలయంపై క్రమసంఖ్య, సొసైటీ చిరునామా ఉండేవి. సోవియట్ యూనియన్‌లో దొరికిన పక్షుల సమాచారం బొంబాయికి చేరింది. భరత్‌పూర్‌లో చలికాలం గడిపే బాతు సైబీరియాలో గుడ్లు పెడుతుందన్న విషయం ఊహ స్థాయిని దాటి లిఖితపూర్వక సాక్ష్యమైంది. ఒక దేశంలో నీరు ఎండినా, మరొక దేశంలో వేట పెరిగినా నష్టం రెండింటికీ తప్పదని తేటతెల్లమైంది.

భరత్‌పూర్‌లోని కేవలదేవ్ చిత్తడి నేల పూర్వం మహారాజుల వేట స్థలం. 1938 నవంబరులో ఒకే రోజున అక్కడ 4 వేలకు పైగా పక్షులను కాల్చారు. స్వాతంత్ర్యానంతరం ఆ నీటిని, భూమిని సాగుకు ఇవ్వాలన్న డిమాండు తలెత్తింది. సలీం అలీ ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ దృష్టికి తీసుకువెళ్లి దానిని కాపాడారు. 1956లో అది పక్షుల రక్షిత కేంద్రమైంది.

చిత్తడి నేలల రక్షణకు 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్‌సర్‌లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. ఆ జాబితాలో భారతదేశం నుండి మొదటగా చిలికా, కేవలదేవ్ 1981లో చేరాయి. వలస జీవుల రక్షణకు ఉద్దేశించిన బాన్ ఒప్పందంలో 1983లో మన దేశం భాగస్వామి అయింది. 1984లో వలస పక్షులపై భారత్, సోవియట్ యూనియన్‌ల మధ్య ఒప్పందం జరిగింది. వలయాల ద్వారా లభించిన సమాచారం ఇటువంటి సహకారానికి శాస్త్రీయ పునాది అయింది.

అయితే కేవలదేవ్ మరొక పాఠాన్ని కూడా నేర్పింది. జాతీయ పార్కుగా మారిన తరువాత 1982లో అక్కడ గేదెల మేతను నిషేధించారు. సలీం అలీ కూడా ఈ నిషేధాన్ని సమర్థించారు. మేతహక్కు కోల్పోయిన గ్రామస్థులకు, పోలీసులకు మధ్య జరిగిన ఘర్షణలో ప్రాణనష్టం సంభవించింది. అనంతరం సొసైటీ శాస్త్రవేత్తలే జరిపిన సుదీర్ఘ అధ్యయనంలో, మేత ఆగిపోవడంతో గడ్డి దట్టంగా పెరిగి నీటిని కమ్మివేసిందని, అది నీటి పక్షులకు ప్రతికూలంగా పరిణమించిందని తేలింది. నమ్మకం కన్నా పరిశీలనకే విలువ ఇవ్వాలని బోధించిన గురువు సంస్థ, ఆయన అభిప్రాయానికి భిన్నమైన ఫలితాన్ని దాచకుండా వెల్లడించడం గమనార్హం.

1941లో వెలువడిన ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్ గ్రంథం, డిల్లాన్ రిప్లీతో కలిసి 1968-74 మధ్య వెలువరించిన 10 సంపుటాల గ్రంథం ఆయన కీర్తిని శాశ్వతం చేశాయి. భారత ప్రభుత్వం ఆయనను 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్‌తో సత్కరించింది. 1985లో రాజ్యసభకు నామనిర్దేశం చేసింది. జె.పాల్ గెట్టీ అంతర్జాతీయ పురస్కారంగా లభించిన 50 వేల డాలర్లను ఆయన సొసైటీకే సమర్పించారు. 1987 జూన్ 20న బొంబాయిలో పరమపదించారు.

ఆయన అనంతరం 2002లో కొల్లేరు సరస్సు రామ్‌సర్ జాబితాలో చేరింది. అదే సమయంలో ఒక విషాదం కూడా చోటుచేసుకుంది. 2001-02 శీతాకాలం తరువాత సైబీరియా కొంగలు భరత్‌పూర్‌కు రావడం మానివేశాయి. భరత్‌పూర్‌లో రక్షణ ఉన్నప్పటికీ, సుదీర్ఘ ప్రయాణ మార్గంలోని వేటను, ఆవాసాల క్షీణతను నివారించలేకపోవడమే ఇందుకు ముఖ్య కారణంగా నిపుణులు భావిస్తున్నారు. మధ్య ఆసియా వలస మార్గంలోని దేశాల ప్రతినిధులు 2005లో న్యూఢిల్లీలో సమావేశమై కార్యాచరణ ప్రణాళికను రూపొందించారు. 2024లో సమర్‌కండ్‌లో జరిగిన బాన్ ఒప్పంద దేశాల సదస్సు ఈ మార్గం కోసం ప్రత్యేక కార్యక్రమాన్ని ఆమోదించింది.

కొల్లేరులో 2006లో చేపల చెరువుల తొలగింపు చేపట్టినప్పుడు, పక్షుల ఆవాసం, ప్రజల ఉపాధి అనే రెండు అంశాలూ ఏకకాలంలో చర్చకు వచ్చాయి. దేశాల మధ్య కుదిరే ఒప్పందాలు అంతిమంగా అమలు కావలసింది ఇటువంటి సరస్సుల గట్లపైనే. అక్కడి ప్రజల సహకారంతో, నిరంతర శాస్త్రీయ పరిశీలనతో ఆ బాధ్యతను నిర్వర్తించడమే సలీం అలీకి నిజమైన నివాళి కాగలదు.