దోమ గుట్టు దొరికింది.. వెంటనే బదిలీ ఆర్డర్ వచ్చింది

నల్లకుంట ఫీవర్ దవాఖాన తెల్వనోళ్లు మన దిక్కు చానా తక్కువ. పెద్దోళ్లు ఇప్పటికీ కోరంటి దవాఖాన అనే అంటరు. క్వారంటైన్ అనే ఇంగ్లీషు మాట మనోళ్ల నోట్లె పడి కోరంటి అయింది. గని ఆ దవాఖాన ఉన్నది సర్ రోనాల్డ్ రాస్ పేరు మీద. బేగంపేట పాత ఎయిర్‌పోర్టు దిక్కు ఒక పాత బంగ్లా ఉంటది. అదీ ఆయన పేరు మీదనే. మలేరియా దోమతోని వస్తదని రుజువు జేసిన దొర అని బడి పుస్తకాలల్ల ఒక్క ముక్క రాసి వదిలేస్తరు. ఆ పని జేసేటప్పుడు సర్కారు కొలువు ఆయనను ఎన్ని తిప్పలు పెట్టిందో ఎవ్వరూ చెప్పరు. సైన్సు చదివి రీసెర్చ్ దిక్కు పోదామనుకునే పల్లె పోరగాళ్లకు ఆ ముచ్చటనే ముందుగాల ఎరుక కావాలె. అందుకే రాస్తున్న.

రాస్ పుట్టింది 1857 మే 13న, హిమాలయాల కాడ ఆల్మోరాల. మీరట్‌ల సిపాయిలు తిరగబడ్డ మూడు దినాలకు. తండ్రి ఇంగ్లీషు ఫౌజుల పెద్ద ఆఫీసరు. పది మంది పిల్లలల్ల ఈయనే పెద్దోడు. ఎనిమిదేండ్లకే ఇంగ్లండుకు తోలిన్రు. పోరనికి బొమ్మలు గీసుడు, కవిత్వం, పాటలు అంటె పాణం. తండ్రి మాత్రం డాక్టరువు కావాల్సిందే అని పట్టుబట్టిండు. లండన్‌ల సెయింట్ బార్తొలోమ్యూ దవాఖానల మనసు లేని చదువు చదివిండు. ఒక పరీక్ష తప్పిండు. కొన్ని దినాలు ఓడల మీద డాక్టరు పని జేసిండు. ఆఖరుకు 1881ల ఇండియన్ మెడికల్ సర్వీసుల చేరిండు. అంటే ఫౌజు డాక్టరు. జీతం పక్కా, ప్రమోషన్ పక్కా, పింఛను పక్కా.

మద్రాసు, బర్మా, అండమాన్.. ఎక్కడికి తోలితే అక్కడికి పోయిండు. 1883ల బెంగుళూరుల ఉన్నప్పుడు బంగ్లాల దోమలు మస్తుగున్నయి. కిటికీ కాడ నీళ్ల తొట్టిల పురుగులు కనవడ్డయి. తొట్టి బోర్లిచ్చిండు, దోమలు తగ్గినయి. ఫౌజోళ్ల మెస్సు కాడ కూడ ఇట్లనే జేద్దామంటె పై ఆఫీసరు ఒప్పుకోలేదు. చిన్న ముచ్చటనే గని, ఆయన కొలువు ఎట్ల నడిచిందో అండ్లనే కనవడ్తది. కొత్త మాట చెప్పేటోనికి పర్మిషన్ ఇచ్చేది ఆ ముచ్చట తెల్వని పై ఆఫీసరు.

1894ల సెలవు మీద లండన్ పోయినప్పుడు ప్యాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు కలిసిండు. మలేరియా రోగి నెత్తుట్ల ఉండే పురుగును రాస్‌కు మైక్రోస్కోపుల చూపెట్టింది ఆయననే. ఫ్రాన్సు డాక్టరు లావెరాన్ 1880లనే ఆ పురుగును కనిపెట్టిండు. గని అది ఒక మనిషి కెల్లి ఇంకో మనిషికి ఎట్ల పోతదో ఎవ్వరికీ తెల్వదు. దోమల కథ ఉన్నదని మాన్సన్ అనుమానం. దోమ నీళ్లల్ల పడి సస్తె, ఆ నీళ్లు తాగినోళ్లకు జరం వస్తదేమో అనుకున్నడు. పరీక్ష జేసే పని రాస్ నెత్తికెత్తుకున్నడు.

1895ల సికింద్రాబాద్‌కు వచ్చిండు, 19వ మద్రాస్ పటాలానికి డాక్టరుగ. పొద్దుగాల సిపాయిలకు మందులిచ్చుడు, ఆ పని అయినంక దోమలు కోసుడు. రీసెర్చ్ అనేది ఆయన కొలువుల లెక్కకే రాదు. మైక్రోస్కోపు సొంతది, ఖర్చు సొంతది. మలేరియా రోగులు వేలు కుచ్చనిస్తె పైసలిచ్చిండు. దోమలు సచ్చిన నీళ్లు తాగి చూస్తె ఏమైతదో అని లచ్మన్ అనే మనిషికి తాపిండు. ఆయనకు జరం వచ్చి పోయింది. ఇయ్యాల ఏ సంస్థల గిట్ల జేసినా కేసైతది. అప్పుడు అడిగేటోడు లేడు. ఈ లచ్మన్ పేరు యాదికి పెట్టుకోండ్రి, మళ్ల వస్త.

పని ఇంక గాడిల పడకముందే 1895 సెప్టెంబర్‌ల కలరా డ్యూటీ అని బెంగుళూరుకు తోలిన్రు. కలరా ఆపుడు తక్కువ పని కాదు. గని మలేరియా పని మాత్రం దగ్గర దగ్గర రెండేండ్లు పక్కకు పడ్డది. మలేరియా మీదనే పెట్టుండ్రి అని సర్కారును అడిగిండు, కుదరలేదు. 1897ల సొంత సెలవు పెట్టుకొని ఊటీ దిక్కు పోయి వెతికిండు. దొరికింది ఏందంటె ఆయనకే మలేరియా జరం.

1897 జూన్‌ల మళ్ల సికింద్రాబాద్‌కు వచ్చిండు. అసలు కథ ఈడనే. బేగంపేట దవాఖానల చిన్న గది. ఎండ, ఉక్కపోత. పంకా ఊపితె కోసిన దోమలు ఎగిరిపోతయని పంకా బంద్ పెట్టిండు. నెత్తి మీది చెమట కారి మైక్రోస్కోపు స్క్రూలకు తుప్పు పట్టింది, అద్దం పగిలింది. ఒక్కొక్క దోమను గంటల కొద్ది వెతుకుడు. వందల దోమలు కోసినా ఏం కనవడలేదు. ఎందుకంటె ఆయన కోసినయి మలేరియా మోసే జాతి దోమలే కావు.

ఆగస్టుల ఆయన మనుషులు రెక్కల మీద మచ్చలున్న కొత్త రకం దోమలు పట్టుకొచ్చిన్రు. మనం ఇప్పుడు అనాఫిలిస్ అంటున్న జాతి. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెరల పండుకోబెట్టి ఆ దోమలతోని కుట్టించిన్రు. కుట్టిన దోమకు ఒక అణా లెక్కన ఆయనకు ఇచ్చిన్రు. పదహారు అణాలకు ఒక రూపాయి. ఆ దోమలను దినానికి కొన్ని కోసుకుంట వచ్చిండు. 1897 ఆగస్టు 20న ఒక దోమ కడుపు గోడల నల్ల చుక్కలున్న గుండ్రటి కణాలు కనవడ్డయి. ఆ చుక్కలు మలేరియా పురుగుల ఉండేటియే. తెల్లారి ఇంకో దోమను కోస్తె అవే కణాలు ఇంక పెద్దగున్నయి. అంటే పురుగు దోమ కడుపుల పెరుగుతున్నది. వేల ఏండ్ల సలిజరం గుట్టు మన బేగంపేటల దొరికింది. రాత్రికి కూసొని కవిత కూడ రాసుకున్నడు. ప్రపంచ దోమల దినం అని ఏటా ఆగస్టు 20న జరుపుకునేది అందుకే.

ఇగ ఇంకొక్క మెట్టు మిగిలింది. కడుపుల పెరిగిన పురుగు మళ్ల మనిషి నెత్తుట్లకు ఎట్ల వస్తదో చూడాలె. మచ్చల దోమలున్నయి, రోగులున్నరు, చేయి తిరిగింది. నెల దాటిందో లేదో సెప్టెంబర్‌ల బదిలీ ఆర్డర్ వచ్చింది. వెంటనే బయలుదేరుమన్నరు. తోలింది రాజపుటానాల ఖేర్వారా అనే చోటుకు. అక్కడ మలేరియా రోగులు దొరుకుడే కష్టం. పగబట్టి జేసిన్రని నేను అనను. పగ ఉండాల్సిన అవసరం కూడ లేదు. ఆఫీసు రిజిస్టర్‌ల ఆయన ఒక పటాలం డాక్టరు, ఒక ఖాళీల పెట్టే మనిషి. ఆయన టేబుల్ మీద ఏమున్నదో రిజిస్టర్‌ల రాసి ఉండదు.

రాజీనామా జేస్తనన్నడు. లండన్ కెల్లి మాన్సన్ పైరవీ జేసిండు. నెలలు గడిచినంక 1898 మొదట్ల కలకత్తాల స్పెషల్ డ్యూటీ ఇచ్చిన్రు, అదీ ఆరు నెలలకు. అప్పుడు కలకత్తాల ప్లేగు సూది భయం ఉండె. వేలు కుచ్చుతనంటె జనం ఉరికిపోయిన్రు. ఇగ పిట్టలకు వచ్చే మలేరియా మీద పడ్డడు. 1898 జులైల దోమ ఉమ్మి గ్రంథిల పురుగు కనవడ్డది. దోమలు కుట్టిన మంచి పిచ్చుకలకు జబ్బు అంటింది. తొవ్వ మొత్తం తేలింది. నీళ్లు తాగితె కాదు, దోమ కుడితెనే. మనుషుల మీద కూడ ఇదే చూపెడ్దమనే లోపట కాలా అజార్ అనే ఇంకో జబ్బు చూడుమని అస్సాంకు తోలిన్రు. అదే ఏడు ఆఖరుకు ఇటలీల గ్రాసి, ఆయన దోస్తులు మనుషుల మలేరియా కథను పూర్తి జేసిన్రు. ఎవలు ముందు అనే లొల్లి రాస్ సచ్చేదాక నడిచింది.

1899ల కొలువుకు దండం పెట్టి ఇంగ్లండు పోయిండు. లివర్‌పూల్‌ల కొత్తగ పెట్టిన ట్రాపికల్ మెడిసిన్ బడిల ఏడాదికి 250 పౌండ్ల మీద పాఠాలు చెప్పే పని దొరికింది. 1902ల నోబెల్ వచ్చింది, బ్రిటన్‌కు మొదటి నోబెల్ అదే. సర్ బిరుదు వచ్చింది. అయినా పైసల రంధి తీరలేదు. మశూచి టీకా కనిపెట్టిన జెన్నర్‌కు పార్లమెంటు 1802ల 10,000, 1807ల 20,000 పౌండ్లు ఇచ్చింది గదా, నాకూ లెక్క కట్టుండ్రి అని సర్కారుకు అర్జీ పెట్టుకున్నడు. ఇయ్యలేదు. ముసలితనంల తన కాయితాలు అమ్ముకున్నడు. 1932 సెప్టెంబర్ 16న సచ్చిపోయిండు. కోపిష్టి మనిషి, అందరితోని కొట్లాడిండు. పాలించే జాతి ఆఫీసరు అనే రోషం కూడ ఉండె. అవన్నీ ఉన్నయి. గని అడిగిన ప్రశ్న మాత్రం సక్కటిదే. జనానికి పనికొచ్చే పని జేసేటోడు దాని మీద బతకలేకపోతె రేపు ఆ పని ఎవడు జేస్తడు?

ఇప్పటి సంగతికి వస్త. నేను మూడేండ్లు ఒక సర్కారు పరిశోధన సంస్థల ప్రాజెక్టు మనిషిగ పనిజేసిన. ఊరూరు తిరిగి జరమొచ్చినోళ్ల నెత్తురు నమూనాలు తెచ్చే పని. ఆర్డర్ ఆరు నెలలకు ఒకటి. జీతం ఒక్కోసారి నాలుగో నెలకు పడేది. ప్రాజెక్టు పైసలు ఒడిసిన దినం మేమూ ఒడిసినం. ఫ్రీజర్‌ల ఏ డబ్బా ఏ ఊరిదో మాకు ఎరుక, తర్వాత వచ్చినోళ్లకు ఎట్ల ఎరుకైతది? నా ఒక్కని బాధ కాదిది. సర్కారు సంస్థల నోటిఫికేషన్లు తీసి చూడుండ్రి. పూర్తిగ తాత్కాలికం, రెగ్యులర్ జేయుమని అడిగే హక్కు లేదు అని ముందుగాలనే రాసి ఉంటది. జూనియర్ ఫెలోషిప్‌ను 2019ల నెలకు 31,000, 2023ల 37,000 జేసిన్రు. ఆ పెంపుల కోసం స్కాలర్లు ల్యాబులు ఇడిసి రోడ్డెక్కాల్సి వచ్చింది. పెంచినంక కూడ టైముకు పడకపోతె ఆ అంకె కాయితం మీదనే ఉంటది.

రాస్ కథను ఇప్పటి కథ పక్కన పెట్టి చూస్తె నాకు ఒకటి తెలుస్తది. ఆయనకు కొలువు ఉండె, పరిశోధన చేసే హక్కు లేకుండె. ఇప్పటోళ్లకు పరిశోధన ఉన్నది, కొలువు లేదు. రెండింట్ల పని నడిమిట్ల తెగుతది. అయినా ఒక తేడా ఉన్నది. పై ఆఫీసర్లతోని అంత కొట్లాడినా రాస్ జీతం నెలనెల పడ్డది. రాజీనామా జేస్తనని గట్టిగ అనే ధైర్యం అండ్లకెల్లే వచ్చింది. ఆరు నెలల ఆర్డర్ మీద ఉన్న పోరి, లెక్క తప్పున్నది సార్ అని పెద్దసారుతోని అంటదా? రేపు ఎక్స్‌టెన్షన్ సంతకం పెట్టేది ఆయననే గదా. జబ్బుల లెక్కలల్ల నోరు మూసుకుంటె దెబ్బ తగిలేది రోగులకు, అంటే మన ఊర్లకు.

ఇగ లచ్మన్, హుస్సేన్ ఖాన్‌ల సంగతి. కలకత్తాల రాస్ కాడ పనిజేసిన మహమ్మద్ బక్స్ కూడ ఆ లెక్కనే. దోమ నీళ్లు తాగింది, దోమలతోని కుట్టించుకున్నది, పొద్దంత దోమలు పట్టింది వీళ్లు. వీళ్లకు పింఛను లేదు, దవాఖాన పేరు లేదు. ఇయ్యాల కూడ ల్యాబ్ టెక్నీషియన్, ఫీల్డ్ వర్కర్, దోమల లార్వా పట్టే మనిషి చానావరకు ఔట్‌సోర్సింగ్ కిందనే ఉంటరు. అండ్ల ఎక్కువ మంది మన పల్లె పోరగాళ్లే. అంటురోగం నమూనా ముట్టేటోనికి ఇన్సూరెన్స్ ఉన్నదా లేదా అడిగితె కాంట్రాక్టరును అడుగుమంటరు, కాంట్రాక్టరు సంస్థను అడుగుమంటడు.

నేను అడిగేది ఆకాశంల చుక్కలు కాదు. పని ఐదేండ్లదైతే ఆర్డర్ కూడ ఐదేండ్లకు ఇయ్యాలె. జీతం ఒకటో తారీఖు పడాలె, గ్రాంటు లేటైతె సంస్థ ముందుగాల సర్దాలె. నమూనా ముట్టే ప్రతి మనిషికి ఇన్సూరెన్స్ సంస్థ పేరు మీదనే ఉండాలె. పదేండ్లు ఒకటే పని జేసినోళ్లకు పర్మనెంట్ పోస్టులల్ల ముందు చూపు ఉండాలె. పేపర్ల పేరు పెట్టాలె.

తమ్ముళ్లు, చెల్లెండ్లు.. రీసెర్చ్‌ల చేరొద్దని నేను చెప్పుత లేను. చేరుండ్రి. మన ఊరి జరం మన కంటె బాగ ఎవరికి ఎరుక? గని సంతకం పెట్టేముందు నాలుగు ముచ్చట్లు అడుగుండ్రి. పైసలు ఎన్ని దినాలకు శాంక్షన్ అయినయి, జీతం పోయిన ఏడు ఏ నెలల పడ్డది, ఇన్సూరెన్స్ ఎవలది, పేపర్‌ల పేరు పెడ్తరా. జవాబు కాయితం మీద తీసుకోండ్రి. ఒక్కలు అడిగితె బెదిరిస్తరు, బ్యాచ్ మొత్తం అడిగితె చెప్పక తప్పదు. వచ్చే ఆగస్టు 20న కూడ రాస్ ఫొటోకు దండలేసి మీటింగులు పెడ్తరు. ఆ మీటింగులకు పోయే లీడర్లను, ఆఫీసర్లను మన ల్యాబులల్ల ఎన్ని పర్మనెంట్ పోస్టులు ఖాళీగున్నయో, ఎప్పుడు నింపుతరో ఎవలన్న ఒకలు లేచి అడగాలె.