నిమిషానికి 108

పోయిన సెమిస్టర్ పరీక్షలప్పుడు చదువుకుంటూ వినడానికి బీథోవెన్ ఐదో సింఫనీ పెట్టుకున్నాను. మొదట ఒట్టో క్లెంపరర్ నడిపించిన రికార్డింగ్ విన్నా. నిదానంగా, బరువుగా, పెద్ద కోట తలుపు తెరుచుకుంటున్నట్టు ఉంది. మర్నాడు అదే సింఫనీ రోజర్ నారింగ్టన్ రికార్డింగ్ దొరికింది. అది విని మా రూమ్మేట్, లెక్చర్ వీడియోలా 1.5 స్పీడ్‌లో పెట్టావా అని అడిగాడు. నాకూ డౌట్ వచ్చి చూసుకున్నా. స్పీడ్ 1 మీదే ఉంది. స్వరాలు అవే, కానీ కోట తలుపు లేదు, ఎవరో తరుముతున్నట్టు ఉంది. ఎవరిది కరెక్టు అని వెతకబోతే ఆయన జీవితం మొత్తం చదవాల్సి వచ్చింది.

బీథోవెన్ 1770లో జర్మనీలోని బాన్‌లో పుట్టాడు. మన త్యాగరాజు కంటే మూడేళ్లు చిన్న. తండ్రి ఆస్థాన గాయకుడు, తాగుబోతు. కొడుకుని ఇంకో మొజార్ట్‌ని చేద్దామని చిన్నప్పటి నుంచే కఠినంగా సాధన చేయించాడు. 1792లో బీథోవెన్ వియన్నా వెళ్లి హైడన్ దగ్గర నేర్చుకున్నాడు, పియానోలో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. ముప్పై నిండకముందే చెవులు మొరాయించడం మొదలైంది. 1802లో హైలిగెన్‌స్టాట్ అనే పల్లెలో ఉన్నప్పుడు తమ్ముళ్లకి ఒక ఉత్తరం రాశాడు. చనిపోదామనుకున్నానని, సంగీతమే ఆపిందని దాని సారాంశం. దాన్ని పోస్ట్ చేయలేదు. ఆయన పోయాక కాగితాల్లో దొరికింది.

ఐదో సింఫనీ ఆ తర్వాతి ఏళ్లలో తయారైంది. 1808 డిసెంబర్ 22న వియన్నాలో మొదటిసారి వాయించారు. అదే రాత్రి ఆరో సింఫనీ, ఇంకా బోలెడు. చలి హాల్లో నాలుగు గంటల కచేరీ! చివర్లో ఒక ఐటమ్ మధ్యలో తప్పిపోతే ఆపి మళ్లీ వాయించారట.

ఈ సింఫనీ సి మైనర్‌లో మొదలవుతుంది. మన చెవికి కీరవాణికి దగ్గరగా ఉంటుంది (రాగం సంగతి, మ్యూజిక్ డైరెక్టర్ కాదు). మూడో భాగం చివర్లో అంతా సన్నగిల్లిపోయి, డ్రమ్ ఒక్కటే మెల్లగా కొట్టుకుంటూ ఉంటుంది. అక్కడ ఆగకుండా సరాసరి నాలుగో భాగంలోకి, సి మేజర్‌లోకి వెళ్లిపోతుంది. మేజర్ అంటే మన శంకరాభరణం. మూడు భాగాలూ ఖాళీగా కూర్చున్న ట్రాంబోన్లు అక్కడే నోరు విప్పుతాయి. నాకైతే ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది. నిదానంగా వాయిస్తే ఆ వెలుగు కష్టపడి గెలుచుకున్నట్టుంటుంది, వేగంగా వాయిస్తే తలుపు బద్దలుకొట్టుకుని వచ్చినట్టుంటుంది. కాబట్టి స్పీడ్ చిన్న విషయం కాదు.

అప్పటిదాకా వేగం చెప్పడానికి ఇటాలియన్ మాటలే ఉండేవి. హుషారుగా, నెమ్మదిగా, ఇలా. ఎంత హుషారుగా అన్నది వాయించేవాళ్ల ఇష్టం. మేల్జెల్ అనే యంత్రాల ఆయన 1815లో మెట్రోనోమ్‌కి పేటెంట్ తీసుకున్నాడు. అసలు ఐడియా వింకెల్ అనే ఇంకొకాయనది, అది వేరే గొడవ. బీథోవెన్‌కి చెవి గొట్టాలు చేసిచ్చింది కూడా ఈ మేల్జెలే. మధ్యలో ఒక సంగీత రచన ఎవరిదని ఇద్దరికీ కోర్టు కేసు నడిచింది, మళ్లీ కలిసిపోయారు. 1817లో బీథోవెన్ తన ఎనిమిది సింఫనీలకీ నంబర్లు ఇచ్చి లైప్‌జిగ్ పత్రికలో అచ్చు వేయించాడు. ఐదో సింఫనీ మొదటి భాగానికి నిమిషానికి 108.

సీఎస్ఈ వాడిని కదా, లెక్క వేశా. మొదటి భాగంలో 502 బార్లు. మొదటి 124 రెండోసారి వాయించాలి. మొత్తం 626. బార్‌కి ఒక టిక్కు చొప్పున 108తో భాగిస్తే సుమారు 5 నిమిషాల 48 సెకన్లు. మధ్యలో సాగదీసే స్వరాలకి ఇంకొంచెం కలుపుకోండి. క్లెంపరర్‌కి ఎనిమిది నిమిషాలు దాటుతుంది. నారింగ్టన్ 1980ల్లో ఆ కాలపు వాద్యాలు, ఇప్పటికంటే కాస్త తక్కువ శ్రుతి పెట్టుకుని, బీథోవెన్ నంబర్లనే నమ్మి రికార్డు చేశాడు.

చాలామంది ఆ నంబర్లని నమ్మలేదు. మెట్రోనోమ్ పాడైందన్నారు. చెవిటివాడు, వేగం తప్పు చెప్పుంటాడన్నారు. ఈ రెండో మాట నాకు మింగుడు పడలేదు. మా తాతయ్యకి మెషిన్ పెట్టుకున్నా సరిగా వినపడదు. మా ఊరి రామాలయంలో భజన జరిగేటప్పుడు తాళాలు వేసే చేతుల్ని చూస్తూ అరుగు మీద వేలితో కొడుతుంటాడు. ఒక్క దెబ్బ తప్పడు. మెట్రోనోమ్‌కీ ఊగే కడ్డీ ఉంటుంది, కళ్లతో చూడొచ్చు.

అలాగని నంబరే దైవం అనడానికీ లేదు. అదే 1817లో ఒక పాట రాతప్రతి మీద 100 అని వేసి, ఇది మొదటి బార్లకే, భావానికి దాని వేగం దానికుంటుందని బీథోవెన్ స్వయంగా రాసుకున్నాడు. అది చదివాక క్లెంపరర్‌ని కొంచెం క్షమించాను.

1824 మే 7న తొమ్మిదో సింఫనీ మొదటి కచేరీ. బీథోవెన్ వేదిక మీదే ఉన్నాడు, పక్కన ఇంకొకాయన అసలు నడిపించాడు. జనం చప్పట్లు వినపడక ఆయన వెనక్కి తిరగలేదు. ఉంగర్ అనే గాయని ఆయన్ని పట్టుకుని జనం వైపు తిప్పింది.

ఆ సింఫనీకి నంబర్లు మాత్రం రెండేళ్లు ఆలస్యమయ్యాయి. 1826లో అన్న కొడుకు కాదు, తమ్ముడి కొడుకు కార్ల్ (చాలాచోట్ల తికమకగా ఉంటుంది) పక్కన కూర్చుని నంబర్లు రాసుకున్నాడు. మొదటి భాగానికి 88. అక్టోబర్‌లో అవి పబ్లిషర్‌కి వెళ్లాయి. 1827 మార్చి 26న బీథోవెన్ పోయాడు.