ఎమిలీ ఉంగ్వారె: ఎడారి స్త్రీల విద్యను రంగులలో నిలిపిన వృద్ధ చిత్రకారిణి

మధ్య ఆస్ట్రేలియాలోని ఎర్రమట్టి ఎడారిలో పుట్టి, సుమారు 78 ఏళ్ల వయసులో తొలిసారి కాన్వాసు మీద రంగు వేసిన స్త్రీ ఎమిలీ కామె ఉంగ్వారె. ఆ తరువాత ఆమె జీవించినది ఎనిమిదేళ్లు మాత్రమే. ఆ కొద్దికాలంలోనే దాదాపు 3,000 చిత్రాలు వేశారని అంచనా. కళావిమర్శకులు ఆమెను ఐరోపా, అమెరికాలకు చెందిన ఆధునిక నైరూప్య చిత్రకారుల సరసన నిలిపారు. ఆ చిత్రకారుల పేర్లతో గాని, వారి సిద్ధాంతాలతో గాని ఆమెకు నిమిత్తం లేదు. తన నేలను గురించి పెద్దల నుంచి నేర్చినదాన్నే ఆమె చిత్రించారు. ఆ విద్యకు, ఆ నేలపై ఆమె జాతికి గల హక్కుకు ఉన్న బంధమే ఆమె జీవితకథ.

ఎమిలీ 1910 ప్రాంతంలో అన్మాజెర అనే ఆదివాసీ సమాజంలో జన్మించారు. పుట్టిన తేదీ ఏ దస్తావేజులోనూ లేదు. ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణానికి ఈశాన్యంగా సుమారు 250 కిలోమీటర్ల దూరంలో, యుటోపియా అని తరువాత పేరుపడిన ప్రాంతపు అంచున ఉన్న అల్హాల్కెర ఆమె స్వస్థలం. అక్కడ నడుమ రంధ్రం గల ఒక రాతి కమాను ఉంది. ఆ శిలను అక్కడివారు తమ పూర్వీకుని రూపంగా భావిస్తారు. దానికి గుర్తుగానే ఎమిలీ తన ముక్కును కుట్టించుకున్నారు.

ఆమె పేరులోని ఉంగ్వారె ఇంటిపేరు కాదు. ఎవరు ఎవరికి ఏ వరుస అవుతారో, ఎవరు ఎవరిని పెళ్లాడవచ్చునో నిర్ణయించే వర్గనామం. కామె అనే పేరు మాత్రం ఆమెకు ప్రత్యేకమైనది. అల్హాల్కెర నేలలో పెరిగే ఒక తీగదుంప గింజకు అన్మాజెర భాషలో ఉన్న పేరది. ఆ దుంపను అక్కడ అన్వెర్లార్ అంటారు. మన పొలాలలో పండే పెసలు, మినుములు ఏ ప్రజాతికి చెందినవో, వృక్షశాస్త్రం ప్రకారం ఆ తీగ కూడా ఆ ప్రజాతికే చెందుతుంది. నేల మీద సన్నని తీగ అల్లుకొని ఉంటుంది. తీగ ఎండిపోయినా దుంప మట్టిలో భద్రంగా ఉంటుంది. నేలలోని నెర్రెలను బట్టి దాని జాడ కనిపెట్టి, గుంతపుల్లతో తవ్వి తీయడం స్త్రీల పని. నీరు అరుదైన ఆ ప్రాంతంలో ఏ దుంప ఎక్కడ, ఎప్పుడు దొరుకుతుందో తెలియడం మీద కుటుంబాల ప్రాణాలు ఆధారపడి ఉండేవి.

ఆ తెలివిడి అంతా అల్చెర అనే విశాలమైన భావనలో భాగం. సృష్టికాలంలో పూర్వీకులు మనుషుల రూపంలోను, జంతువులు, పక్షులు, మొక్కల రూపంలోను సంచరించి కొండలను, వాగులను, నీటి చెలమలను ఏర్పరచారని, ఆ ప్రదేశాలలో వారి శక్తి నేటికీ నిలిచి ఉన్నదని అక్కడివారి విశ్వాసం. ఏ స్థలపు కథకు ఎవరు బాధ్యులో పుట్టుకను బట్టి, బంధుత్వాన్ని బట్టి నిర్ణయమవుతుంది. తమది కాని కథను చిత్రించే హక్కు ఎవరికీ లేదు. తమదైన కథలో కూడా అందరికీ చెప్పదగినది కొంత, అర్హులకు మాత్రమే తెలియజేయవలసినది కొంత ఉంటుంది. ఎమిలీ బాధ్యత వహించిన వాటిలో దుంపతీగ కథ ఒకటి, ఈమూ పక్షి కథ మరొకటి.

స్త్రీలకు ఈ విద్య అందేది అవెల్యె అనే క్రతువుల ద్వారా. జేగురును, పసుపు మన్నును, తెల్లసుద్దను, బొగ్గును కొవ్వుతో కలిపి, ఒకరి రొమ్ముల మీద, భుజాల మీద మరొకరు గీతలు దిద్దుతారు. దిద్దుతున్నంతసేపు ఆ స్థలానికి చెందిన పాట సాగుతుంది. పిదప వరుసగా నిలిచి, పాదాలతో మట్టిని తాకుతూ నృత్యం చేస్తారు. పెద్దల పక్కన కూర్చుని చూస్తూ, వింటూ, ఏళ్ల తరబడి పాల్గొంటూ పిల్లలు నేర్చుకుంటారు. లిపి లేని ఈ చదువులో పాట, గీత, అడుగు, స్థలం ఒకదానినొకటి గుర్తుచేస్తూ నిలుస్తాయి.

ఎమిలీ బాల్యంలోనే ఆ ఎడారిలోకి తెల్లవారు ప్రవేశించారు. 1920లలో పశుపోషకులు వచ్చి భూములను కౌలుకు పొందారు. తరతరాలుగా ఆ నేలను ఎరిగినవారు అదే నేల మీద పనివారుగా మారవలసి వచ్చింది. జీతానికి బదులు పిండి, తేయాకు, పంచదార ఇచ్చిన రోజులవి. ఎమిలీ పశుక్షేత్రాలలో పనిచేశారు. ఆ కాలంలో స్త్రీలకు అరుదైన ఒంటెల కాపరి పని కూడా చేశారు.

నేలతో పాటు పిల్లలు కూడా చేజారారు. మిశ్రమ సంతానంగా పరిగణించిన ఆదివాసీ పిల్లలను తల్లుల వద్ద నుంచి తీసుకుపోయి సంస్థలలో పెంచే విధానాన్ని ప్రభుత్వం అమలు చేసింది. ఎమిలీకి సొంత బిడ్డలు లేరు. ఆమె సాకిన బంధువుల బిడ్డ బార్బరా వీర్‌ను సుమారు తొమ్మిదేళ్ల వయసులో అధికారులు తీసుకుపోయారు. బార్బరా పెద్దదై తిరిగివచ్చేనాటికి మాతృభాషను మరచిపోయి ఉన్నారు. మళ్లీ మొదటి నుంచి నేర్చుకొని, కాలక్రమంలో ఆమె కూడా చిత్రకారిణి అయ్యారు. ఒక బిడ్డను దూరం చేయడమంటే ఒక కుటుంబాన్ని బాధపెట్టడమే కాక, ఒక పాట అందవలసిన చెవిని లేకుండా చేయడం కూడా. ఎమిలీ తరం స్త్రీలు ఆ నష్టాన్ని కళ్లారా చూశారు.

1970లలో రెండు మార్పులు ఒకేసారి వచ్చాయి. మొదటిది, ఉత్తర ప్రాంతంలో ఆదివాసుల భూమి హక్కులను గుర్తిస్తూ 1976లో వచ్చిన చట్టం. రెండవది, 1977లో వయోజన విద్యా తరగతుల ద్వారా యుటోపియా స్త్రీలకు పరిచయమైన బాటిక్ కళ. కరిగించిన మైనంతో గుడ్డపై గీతలు గీసి, రంగులో ముంచి, వేడినీటిలో మైనాన్ని తొలగించే ఈ పద్ధతిని వారు త్వరగా వశపరచుకున్నారు. మరుసటి ఏడాది ఏర్పడిన యుటోపియా మహిళా బాటిక్ సంఘంలో ఎమిలీ వ్యవస్థాపక సభ్యురాలు. అంతవరకు ఒంటి మీద, ఇసుక మీద గీసి చెరిగిపోయిన రేఖలు తొలిసారిగా వస్త్రం మీద నిలిచాయి.

భూమి తమదని నిరూపించుకోవలసిన బాధ్యతను చట్టం ఆదివాసుల మీదనే పెట్టింది. వారి దగ్గర పట్టాలు లేవు, సరిహద్దు రాళ్లు లేవు, శిస్తు రసీదులు లేవు. యుటోపియా భూములపై విచారణ జరిగినప్పుడు అక్కడి స్త్రీలు ఒంటిపై గీతలు దిద్దుకొని, కమిషనర్ ఎదుట అవెల్యె పాటలు పాడి నృత్యం చేశారు. ఏ స్థలానికి ఏ పాట చెందుతుందో, ఆ పాట ఎవరి తల్లిదండ్రుల నుంచి ఎవరికి వచ్చిందో ఆ ప్రదర్శనలో వెల్లడైంది. 1980 నాటి నివేదిక వారి హక్కును సమర్థించింది, యుటోపియా తిరిగి వారిదైంది. తల్లి నుంచి కూతురికి, మేనత్త నుంచి మేనకోడలికి నోటిమాటగా అందిన విద్య న్యాయవిచారణలో సాక్ష్యంగా నిలబడింది. పాట మధ్యలో తెగిపోయి ఉంటే భూమి కూడా దక్కకపోయేది.

1988 చివర ఆలిస్ స్ప్రింగ్స్ కేంద్రంగా ఆదివాసీ రేడియో ప్రసారాలు నిర్వహించే సంస్థ యుటోపియా స్త్రీలకు చిన్న కాన్వాసులను, అక్రిలిక్ రంగులను అందించింది. మైనం కాచే పని, గుడ్డలు ఉడికించే శ్రమ వయసు మీరినవారికి భారమవుతున్న సమయమది. కొత్త సాధనం ఎమిలీ చేతికి వెంటనే అలవడింది. అప్పుడు ఆమె వేసిన తొలి కాన్వాసు ‘ఈమూ స్త్రీ’. ఒంటి మీది క్రతువు రేఖలు, వాటిని కప్పుతూ గింజల వంటి చుక్కలు ఆ చిత్రంలో ఉన్నాయి. 1989లో సిడ్నీలో జరిగిన ప్రదర్శనలో అది అందరి దృష్టిని ఆకర్షించింది. మరుసటి ఏడాది ఆమె చిత్రాలతోనే ప్రత్యేక ప్రదర్శన జరిగింది.

కాన్వాసును నేల మీద పరచి, పక్కన కూర్చుని, చుట్టూ జరుగుతూ ఆమె చిత్రించేవారు. అందువల్ల చాలా చిత్రాలకు పైభాగం, కిందిభాగం అనే భేదం లేదు. తొలి రోజుల చుక్కలు క్రమంగా పెద్దవై రంగుల మబ్బులుగా మారాయి. 1990ల నడుమ చుక్కలు పోయి, ఒంటి మీది గీతలను తలపించే మందపాటి పట్టీలు వచ్చాయి. 1995లో వేసిన ‘మహా దుంపతీగ’ చిత్రం దాదాపు మూడు మీటర్ల ఎత్తు, ఎనిమిది మీటర్ల పొడవు గలది. నల్లని నేపథ్యం మీద తెల్లని రేఖ ఒకటి ఎడతెగక మలుపులు తిరుగుతూ కాన్వాసంతటా అల్లుకుంటుంది. మట్టిలో పాకే వేర్లను, నేలలోని నెర్రెలను తలపించే ఆ చిత్రాన్ని 80 ఏళ్లు దాటిన ఆమె రెండు రోజులలో పూర్తిచేశారు. అందులో ఉన్నది తన పేరుకు మూలమైన మొక్కే.

కీర్తితో పాటు ఒత్తిడి కూడా పెరిగింది. 1992లో ప్రధాని పాల్ కీటింగ్ చేతుల మీదుగా ఆమె జాతీయ కళాకారుల ఫెలోషిప్ అందుకున్నారు. వ్యాపారులు కాన్వాసులు పట్టుకొని ఆమె శిబిరానికి వరుసకట్టారు. వచ్చిన డబ్బును ఆమె కూడబెట్టలేదు. ఉన్నవారు బంధువులతో పంచుకోవాలన్నది అక్కడి ధర్మం. ఒక వృద్ధురాలి కుంచె మీద ఎన్నో కుటుంబాలు ఆధారపడ్డాయి. ఆమె మాత్రం ఆరుబయలు శిబిరంలో నేల మీద కూర్చునే పనిచేశారు. కొనుగోలుదారులకు చేరినవి రంగులు, రేఖలు మాత్రమే. ఆ రేఖల వెనుక ఉన్న పాటలు వాటికి హక్కుదారులైన స్త్రీల వద్దనే ఉండిపోయాయి.

1996లో, మరణానికి కొద్దివారాల ముందు, వెడల్పాటి కుంచెతో మూడు రోజులలో 24 చిన్న కాన్వాసులు చిత్రించారు. ఆ ఏడాది సెప్టెంబరు తొలి రోజులలో ఆలిస్ స్ప్రింగ్స్‌లో కన్నుమూశారు. మరుసటి ఏడాది వెనిస్ ద్వైవార్షిక కళాప్రదర్శనలో ఆస్ట్రేలియాకు ప్రాతినిధ్యం వహించిన ముగ్గురు ఆదివాసీ స్త్రీల కళాకృతులలో ఆమెవి కూడా ఉన్నాయి. 2008లో జపాన్‌లోని ఒసాకా, టోక్యో నగరాలలో భారీ ప్రదర్శన జరిగింది. 1994లో వేసిన ‘భూమి సృష్టి’ అనే చిత్రం 2007లో 10 లక్షల ఆస్ట్రేలియా డాలర్లకు మించిన ధర పలికింది. చిత్రం మళ్లీ అమ్ముడైనప్పుడు కళాకారులకు లేదా వారి వారసులకు వాటా ఇచ్చే చట్టం ఆ నాటికి ఆ దేశంలో లేదు. అది 2010లో అమలులోకి వచ్చింది.

ఆమె వెనుక మిగిలినది వేలంపాటల చరిత్ర ఒక్కటే కాదు. మేనకోడళ్ల వరుసైన గ్లోరియా పెట్యార్, కేథలీన్ పెట్యార్ తమ తమ కథలను తమదైన శైలిలో చిత్రించి ప్రసిద్ధులయ్యారు. 1999లో ప్రకృతి చిత్రాలకిచ్చే విన్ బహుమతి గ్లోరియాకు దక్కింది. 2023లో కాన్‌బెర్రాలోని జాతీయ కళాభవనం ఎమిలీ చిత్రాలతో భారీ ప్రదర్శన ఏర్పాటు చేసినప్పుడు, నిర్వాహకులు యుటోపియా సమాజాన్ని సంప్రదించి సన్నాహాలు చేశారు. 2025లో ఆ చిత్రాలు లండన్‌లోని టేట్ మోడరన్ కళాభవనానికి చేరాయి. ఆ ప్రదర్శనలలో ఆమె పేరు వర్ణక్రమాన్ని కూడా మార్చారు. బయటివారు తమకు వినిపించినట్లు దశాబ్దాలుగా రాసుకున్న పేరును, అన్మాజెర భాష రాతపద్ధతికి అనుగుణంగా సరిదిద్దారు. తీగదుంప గింజ పేరు ఇప్పుడు ఆ నేల భాష పలికే తీరులోనే ప్రదర్శనశాలల గోడల మీద కనిపిస్తున్నది.