గంగాప్రవాహ రక్షకులు పండిత మదనమోహన మాలవీయ

నదిని తల్లియని పిలుచు దేశము మనది. చెంబెడు బావినీటితో స్నానము చేయువాడైనను ఆ నీటియందు గంగా యమునా గోదావరీ నదులను ఆవాహన చేసికొనుట తరతరముల ఆచారము. కాని తల్లియని పిలుచుట వేరు. తల్లికి ఆపద వచ్చినపుడు అడ్డముగా నిలుచుట వేరు. మొదటిది నాలుకతో అగును. రెండవదానికి ఓర్పు, ధైర్యము, వివేకము మూడును కావలెను. ఇరువదవ శతాబ్ది తొలిదినములలో హరిద్వారమున గంగామాత నడక ఆగిపోవునేమోయను భయము దేశమును ఆవరించినపుడు, ఈ మూడు గుణములతో ముందునకు వచ్చిన మహనీయులు పండిత మదనమోహన మాలవీయ. కాశీ హిందూ విశ్వవిద్యాలయ స్థాపకులుగా వారిని దేశమెల్ల ఎరుగును. గంగకై వారు చేసిన సేవ మాత్రము అంతగా ప్రచారమునకు రాలేదు.

మాలవీయజీ 1861వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన ప్రయాగలో జన్మించిరి. పూర్వులు మాళవదేశమునుండి వలస వచ్చిన వారగుటచే ఆ వంశమునకు ఆ పేరు కలిగెను. తండ్రి బ్రజనాథ పండితులు భాగవత ప్రవచనము చేయుచు సంసారమును నడుపుచుండిరి. తల్లి పేరు మూనాదేవి. ఇంటిలో కలిమి లేదు; ఆచారమునకును విద్యకును కొదువ లేదు. గంగా యమునలు కలియు ఊరిలో పెరిగిన బాలునకు నది పుస్తకములలోని విషయము కాదు. అనుదినము కన్నులతో చూచి, దోసిట పట్టి, తలపై చల్లుకొను వస్తువు. మాఘమాసమున దేశపు నలుమూలలనుండి పేదలు మూటలు నెత్తిన పెట్టుకొని ఇసుకతిన్నెలపైకి వచ్చుట చిన్ననాటినుండి వారు చూచుచుండిరి. ఆ జనుల విశ్వాసమునకు గల బలము వారికి అప్పుడే తెలిసియుండవలెను.

ప్రయాగలోని మ్యూర్ సెంట్రల్ కళాశాలలో చదివి, 1884లో కలకత్తా విశ్వవిద్యాలయమునుండి బి.ఏ. పట్టము పొందిరి. తండ్రివలె పురాణప్రవచనము చేయుచు జీవింపవలెనని కోరిక యుండెను గాని, కుటుంబపోషణ భారము వారిని ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయునిగా చేసెను. 1886లో కలకత్తాలో దాదాభాయి నౌరోజీ అధ్యక్షతన జరిగిన కాంగ్రెసు మహాసభలో మాట్లాడి పెద్దల దృష్టినాకర్షించిరి. ఆ సభలోనుండిన కాలాకాంకర్ రాజు రామపాలసింహుడు తన హిందూస్థాన్ పత్రికకు వారిని సంపాదకునిగా ఆహ్వానించెను.

ఈ సందర్భమున ఒక విషయమును పెద్దలు చెప్పుదురు. మద్యము సేవించియున్న సమయమున తన్ను పిలువరాదను నియమముపై మాలవీయజీ ఆ కొలువును అంగీకరించిరి. కొంతకాలమునకు రాజు ఆ నియమమును మరచి, త్రాగియున్న స్థితిలో వారిని పిలిపించెను. ఆ దినముననే వారు కొలువు విడిచిరి. రాజు పశ్చాత్తాపము చెంది ఎంత బ్రతిమాలినను మరలలేదు. కోపము లేదు, దూషణ లేదు. ఇచ్చిన మాట తప్పిన చోట నిలువరాదను నిశ్చయమొక్కటే యుండెను. రాజుకూడ వారిపై గౌరవము తగ్గించుకొనక, న్యాయశాస్త్రాధ్యయనమునకు ధనసహాయము చేసెను. ఒడంబడిక యనునది ఉభయపక్షములను కట్టునదియను ఈ భావమే తరువాత హరిద్వారమున వారి ఆయుధమయ్యెను.

1893 నుండి అలహాబాదు హైకోర్టులో న్యాయవాదిగా మంచి పేరు గడించిరి. 1909లో లాహోరు కాంగ్రెసుకు అధ్యక్షులైరి. 1910లో కేంద్ర శాసనసభలో ప్రవేశించిరి. విశ్వవిద్యాలయ నిర్మాణమునకై లాభకరమైన న్యాయవాదవృత్తిని విడిచి, జోలె పట్టి దేశమంతటను తిరుగుచుండిన దినములలోనే గంగాసమస్య వారి యెదుటికి వచ్చెను.

ఆ సమస్యను సరిగా గ్రహించుటకు కొంత పూర్వకథ అవసరము. 1837-38 సంవత్సరములలో గంగా యమునల నడిమి సీమలో ఘోరమైన కరవు వచ్చి సుమారు 8 లక్షల జనులు మరణించిరి. అట్టి విపత్తు మరల రాకుండుటకై హరిద్వారమునుండి గొప్ప కాలువను త్రవ్వుటకు పూనుకొనిరి. కాట్లీ అను ఇంజనీరు దానిని నిర్మించెను. 1854లో నీరు వదలబడెను. హరిద్వారములోని పురోహితుల అభ్యంతరములను ఆతడు త్రోసివేయలేదు. కట్టలో ప్రవాహమునకు దారి విడిచి, స్నానఘట్టములను బాగుచేయించి, ప్రారంభమునకు గణపతిపూజ చేయించి వారిని సమాధానపరచెను. అటుపిమ్మట ఏటేట వర్షర్తువు గడచిన తరువాత గులకరాళ్లతో తాత్కాలికముగా అడ్డుకట్ట వేసి కాలువకు నీరు మళ్లించుచుండిరి. వరదలు రాగానే అది కొట్టుకొనిపోవుచుండెను. ఏటి ఇష్టము ఏటికి, రైతు అవసరము రైతునకు ఒక విధముగా జరిగిపోవుచుండెను.

ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఈ తాత్కాలికపు కట్టకు బదులు భీమగోడా వద్ద శాశ్వతమైన ఆనకట్ట కట్టవలెనని ప్రభుత్వము సంకల్పించెను. శీతకాలములో ఏరు సన్నగిలినపుడు ఉన్న నీటినంతయు కాలువలోనికి మళ్లింపవచ్చునని ఇంజనీర్ల ఆలోచన. దీనిని విని హరిద్వార వాసులు, యాత్రికులు కలవరపడిరి. హరి కీ పైడీ వద్ద బ్రహ్మకుండమును తాకి పోవు నీరు తలుపులు ఎత్తిన వచ్చును, దింపిన ఆగును. అట్టి నీరు గంగయా, కాలువయా? ఆనకట్టకు దిగువనున్న పుణ్యక్షేత్రములకు ఏమి మిగులును? పితృదేవతల అస్థికలు కలుపుటకు వచ్చిన వానికి పారు నీరు లేని నాడు గతి యేమి? ప్రశ్నలు సామాన్యుల నోటనుండి బయలుదేరి, సభలకు, పత్రికలకు, సంస్థానాధీశుల కొలువులకు ప్రాకెను.

ఇచ్చట మాలవీయజీ చూపిన వివేకము గమనింపదగినది. కాలువయే వలదని వారు వాదింపలేదు. కరవునకు చచ్చిన లక్షలమంది ఎవరో వారికి తెలియును. కాలువ నీటిపై బ్రదుకు రైతులును గంగాభక్తులే యని తెలియును. రైతు పొలము ఎండరాదు, గంగ ఆగరాదు అని వారి పక్షము. నీటిలో కొంత భాగము మనుష్యుని అవసరమునకు పోవచ్చును గాని, నది నదిగా నిలుచుటకు కావలసిన భాగమును ఎవ్వరును ముట్టరాదను సూత్రమును వారు ప్రభుత్వము ముందుంచిరి. అందుకై సంతకములు సేకరించి విజ్ఞాపనలు పంపిరి, ధర్మసభలను కదలించిరి, మహారాజులకు నచ్చజెప్పిరి, శాస్త్రమును పండితులకు, నీటి లెక్కలను ఇంజనీర్లకు వారివారి భాషలలో వివరించిరి.

ప్రజల ఆందోళన ఫలితముగా 1914 నవంబరులో సంయుక్త పరగణాల లెఫ్టినెంటు గవర్నరు సర్ జేమ్స్ మెస్టన్ హరిద్వారమునకు వచ్చి హిందూ ప్రతినిధులతో చర్చించెను. కొంత అంగీకారము కుదిరెను. కాని పని సాగుచుండగా, మాటలలో కుదిరినదానికిని రాళ్లలో లేచుచున్నదానికిని పొత్తు లేదని జనులకు తోచెను. మరల అలజడి రేగెను. కాలాకాంకర్ కొలువును ఒక్క దినమున విడిచిన మాలవీయజీ ఇచ్చట మాత్రము విడిచి పోలేదు. స్వంత గౌరవమునకు సంబంధించిన చోట తొలగిపోవచ్చును. తల్లికి సంబంధించిన చోట తొలగరాదు. ఒడంబడికను మరల చర్చకు తెచ్చి, అనుమానమునకు తావులేని మాటలలో వ్రాయింపవలెనని పట్టుబట్టిరి.

1916 వారి జీవితములో విశేషమైన సంవత్సరము. ఆ యేడు ఫిబ్రవరి 4వ తేదీన కాశీలో గంగాతీరమున లార్డు హార్డింజి విశ్వవిద్యాలయమునకు శంకుస్థాపన చేసెను. ఆ యేడే డిసెంబరు 18, 19 తేదీలలో హరిద్వారమున గంగాసమస్యపై తుదిసమావేశము జరిగెను. లెఫ్టినెంటు గవర్నరు, ఇంజనీర్లు ఒక ప్రక్క. మాలవీయజీ, హిందూ ప్రతినిధులు, జయపుర, బికనీరు, అల్వారు మొదలగు సంస్థానాల ప్రభువులు మరియొక ప్రక్క కూర్చుండిరి. జయపుర మహారాజు మాధవసింహులు 1902లో ఇంగ్లండు పోవునపుడు పెద్ద వెండి కాగులలో గంగాజలమును వెంట తీసికొనిపోయిన నిష్ఠాపరులు. అట్టి ప్రభువులును, గోచిపాతల సాధువులును ఒకే కోరికతో నిలిచిన దృశ్యము అరుదైనది.

చర్చల ఫలితముగా మూడు ముఖ్యవిషయములు నిర్ణయమయ్యెను. ఆనకట్టలో తలుపులు లేని బాట నొకదానిని విడువవలెను. గంగ ఎవ్వరి చేతి మరకును లోబడక దానిగుండ పారవలెను. ఆ ప్రవాహము సామాన్యముగా సెకనుకు 1000 ఘనపుటడుగులకు తగ్గరాదు. ఈ యేర్పాటులలో ఇకముందు ఏ మార్పు చేయదలచినను హిందూసమాజమును సంప్రదింపక చేయరాదు. మరుసటి సంవత్సరము ప్రభుత్వము ఉత్తర్వుల ద్వారా దీనిని స్థిరపరచెను. పరతంత్ర దేశములో, ఒక్క తుపాకి మ్రోగకుండ, ఒక నదికి తన నీటిపై తనకుగల హక్కును ప్రజలు వ్రాతపూర్వకముగా సంపాదించిరి.

పత్రముపై సంతకములైన తరువాత జనులు నిద్రింతురను సంగతి మాలవీయజీ ఎరుగుదురు. కనుకనే ఆ యేడే హరిద్వార తీర్థపురోహితులను కూడగట్టి గంగాసభ యను సంస్థను నెలకొల్పిరి. ఘట్టముల శుభ్రత, యాత్రికుల సౌకర్యము, నదీపూజా నిర్వహణము దాని బాధ్యతలు. హరి కీ పైడీ వద్ద ప్రతి సాయంకాలమున జరుగు గంగాహారతి నేటికిని ఆ సభ యాజమాన్యముననే జరుగుచున్నది. చీకటి పడువేళ వందలకొలది దీపములు నీటిపై తేలుచుండ చూచి పరవశించు యాత్రికుడు, ఆ దీపముల క్రింద పారుచున్న నీటికి వెనుక ఒక పోరాటమున్నదని ఎరుగవలెను. ఆ ఘట్టమున కెదుటనున్న దీవికి మాలవీయద్వీపమని పేరు.

1924లో ప్రయాగ అర్ధకుంభమేళా సమయమున మరియొక పరీక్ష వచ్చెను. ప్రవాహము మారి సంగమస్థలము ప్రమాదకరముగా నున్నదని ప్రభుత్వము అచ్చట స్నానమును నిషేధించెను. ఆ భయము పూర్తిగా నిరాధారము కాదు. కాని నెలల తరబడి నడచి వచ్చిన యాత్రికులను సంగమమునకు దూరముగా నిలుపుట మాలవీయజీకి అన్యాయముగా తోచెను. ఉత్తరప్రత్యుత్తరములు ఫలింపకపోగా సుమారు రెండువందలమందితో సత్యాగ్రహమునకు దిగిరి. యువకులైన జవహర్‌లాల్ నెహ్రూ పుణ్యముపై ఆసక్తిచే గాక, అక్రమమును ఎదుర్కొను ఉత్సాహముచే వారితో చేరిరి. ఎదుట కర్రలకంచె, ప్రక్కల కాలినడక పోలీసులు, గుఱ్ఱపు పోలీసులు. ఎండలో ఇసుకపై గంటలకొలది కూర్చుండిరి. నెహ్రూ ఓర్పు నశించి కంచె నెక్కిరి. అరువదిరెండేండ్ల మాలవీయజీ అంతవరకు కదలక కూర్చుండి, అకస్మాత్తుగా లేచి, గుఱ్ఱముల నడుమనుండి దూసుకొనిపోయి గంగలో దూకిరి. చూచువారు నివ్వెరపోయిరి, వెంటనే అందరును దూకిరి. ప్రభుత్వము ఎవ్వరిమీదను చర్య తీసికొనలేదు.

వారి గంగాభక్తిలో ఆచారనిష్ఠ అధికముగా నుండెను. 1931లో రెండవ రౌండుటేబులు సమావేశమునకు లండను పోవునపుడు సైతము గంగాజలమును, గంగమట్టిని వెంట తీసికొనిపోయిరి. అయినను గంగ కొందరికే తల్లియని వారు భావింపలేదు. అస్పృశ్యులుగా ఎంచబడిన వారికి గంగాతీరమున మంత్రదీక్ష నొసగి, పూర్వాచారపరుల నిందలను సహించిరి. కులము నడిగి గంగ ఒడ్డునకు రానిచ్చువాడు గంగను కొలుచువాడు కాడని ఆ కార్యము చాటెను.

1919 నుండి 1939 వరకు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండి, ఆ బాధ్యతను అంతకుమునుపు ఆంధ్ర విశ్వకళాపరిషత్తును నడిపిన సర్వేపల్లి రాధాకృష్ణ పండితుల చేత నుంచిరి. 1946 నవంబరు 12వ తేదీన కాశీలో దేహము చాలించిరి. 2014 డిసెంబరులో భారతప్రభుత్వము వారికి భారతరత్న బిరుదమును ప్రకటించెను.

1916 నాటి ఒడంబడికకు ఇంకను ప్రాణమున్నది. 2016లో హరి కీ పైడీ వద్ద పారు ధారను కాలువగా పేర్కొనుచు రాష్ట్రప్రభుత్వము ఉత్తర్వు వెలువరింపగా, పురోహితులును భక్తులును ఎదిరించిరి. 2020లో ఆ ఉత్తర్వు రద్దయ్యెను. గంగ పొడవున నిలుపవలసిన కనీసప్రవాహమును 2018లో కేంద్రప్రభుత్వము నిర్ణయించెను. నది నదిగా మిగులుటకు కొంత నీరు నదికే వదలవలెనని మాలవీయజీ శతాబ్దికి ముందే పట్టుబట్టిన సూత్రమే ఇది.

వారు కాపాడినది ప్రవాహమును. ఆ ప్రవాహములో నేడు పట్టణముల మురుగు, కర్మాగారముల వ్యర్థములు కలియుచున్నవి. నాడు ఆపద బయటివారి ఆనకట్టనుండి వచ్చెను. నేడు మన ఇండ్ల కాలువలనుండియే వచ్చుచున్నది. దీనికి విజ్ఞాపనలు పంపుకొనవలసినది మనకు మనమే. సాయంకాలము దీపము వెలిగించి నీటిపై వదలు చేయి, ఉదయము అదే నీటిలో చెత్త పడవేయకుండినచో, ఆ మహనీయుని పూజ కొంత నెరవేరును. మన యూరి వాగుకైనను ఈ ధర్మమే వర్తించును. ఆ వాగునీటిలోను మనము గంగనే ఆవాహన చేయుచున్నాము గదా.