ఒకే వేలు, పాత తీగలు: జేమ్స్ జేమర్సన్ కథ

కిందటి ఫెస్ట్‌లో మా బ్యాండ్ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో డ్రమ్స్ పక్కన నిలబడి తల ఊపుతున్నది నేనే. బేస్ గిటార్ వాయిస్తున్నాను. ఆ వీడియోని ఫోన్ స్పీకర్‌లో పెడితే నేను వాయించింది ఒక్క ముక్క కూడా వినపడదు. మా అమ్మ రెండుసార్లు చూసి, అందరూ బాగా వాయించారు గానీ నువ్వేం చేస్తున్నావు నాన్నా అని అడిగింది. ఆవిడ తప్పేం లేదు. అంత చిన్న స్పీకర్ అంత లావు శబ్దాన్ని పలికించలేదు. పైగా బేస్ అనేది హాస్టల్ సాంబార్‌లో ఉప్పు లాంటిది. సరిపోతే ఎవరూ పట్టించుకోరు, లేకపోతే అందరికీ తెలుస్తుంది.

నాలాంటి అమెచ్యూర్ బేసిస్టులు ఇద్దరు కలిస్తే మాట్లాడుకునేది గేర్ గురించే. ఏ తీగలు, ఏ పికప్, ఏ పెడల్, ఏ ఆంప్. నేనైతే ఫస్ట్ ఇయర్ నుంచీ కొత్త బేస్ కోసం డబ్బులు దాచుకుంటున్నా. నా దగ్గరున్న సెకండ్ హ్యాండ్ బేస్ వల్లే నా వాయింపు ఇలా ఉందని గట్టిగా నమ్మేవాణ్ణి. ఆ నమ్మకాన్ని పాడు చేసిన మనిషి జేమ్స్ జేమర్సన్. ఆయన పోయి 40 ఏళ్లు దాటింది. ప్రపంచంలో బేస్ పట్టుకున్న ప్రతివాడికీ ఆయన పేరు తెలుసు. ఆయన బేస్ వాయించిన పాటలు విన్నవాళ్లలో ఎక్కువమందికి మాత్రం ఇప్పటికీ తెలియదు.

జేమర్సన్ 1936 జనవరి 29న అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రంలోని ఎడిస్టో ఐలాండ్‌లో పుట్టాడు. పక్కనే ఉన్న చార్లెస్టన్‌లో తండ్రి ఓడలు కట్టే యార్డులో పని చేసేవాడు. తల్లి ఇళ్లల్లో పని చేసేది. నల్లవాళ్లకి స్కూలు వేరు, బస్సులో సీటు వేరు అని చట్టమే చెప్పే రోజులవి. ఇంట్లో పెద్దవాళ్లు పియానో వాయించేవారు, చర్చిలో పాడేవారు. ఆయన చిన్నప్పటి కథ ఒకటి బేసిస్టులందరూ చెప్పుకుంటారు. ఒక కర్రకి రబ్బరు బ్యాండు కట్టి, దాన్ని చీమల పుట్టలో గుచ్చి మీటేవాడట, చీమలు డాన్స్ చేస్తాయని. నిజమో కాదో గానీ బేస్ అంటే ఏంటో దీనికంటే బాగా ఎవరూ చెప్పలేరనిపిస్తుంది నాకు. నేల అదిరితే పైనున్నవాళ్లు కదులుతారు.

1954లో తల్లితో కలిసి డెట్రాయిట్‌ వచ్చేశాడు. దక్షిణాది నుంచి లక్షల మంది నల్లవాళ్లు పని వెతుక్కుంటూ ఉత్తరాదికి వెళ్లిన కాలం అది. డెట్రాయిట్ అంటే కార్ల ఫ్యాక్టరీలు. అక్కడ నార్త్‌వెస్టర్న్ హైస్కూల్లో చేరాక మొదటిసారి డబుల్ బేస్ పట్టుకున్నాడు. అది మనిషంత ఎత్తుండే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం, నిలబడి వాయించాలి. దానికి ఫ్రెట్లు ఉండవు, స్వరం ఎక్కడుందో వేలికే తెలియాలి. తీగలు లావు. గట్టిగా లాగితే గానీ పలకవు. ఆ వేళ్ల బలం, ఆ చెవి ఆయనకి చివరిదాకా పనికొచ్చాయి. స్కూల్లో ఉండగానే క్లబ్బుల్లో జాజ్, బ్లూస్ వాయించడం మొదలుపెట్టాడు.

1959లో బెర్రీ గోర్డీ అనే ఆయన ఇంట్లోవాళ్ల దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని ఒక రికార్డ్ కంపెనీ పెట్టాడు. అంతకుముందు ఆయన కార్ల ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైన్ మీద పని చేసినవాడు. వెస్ట్ గ్రాండ్ బులెవార్డ్‌లో 2648 నంబరు ఇల్లు కొని, దాన్నే స్టూడియో చేశాడు. అదే మోటౌన్. మోటార్ టౌన్ అనే మాటని కుదిస్తే వచ్చిన పేరు. రికార్డింగ్ గది చిన్నది, పైనుంచి వైర్లు వేలాడుతూ ఉండేవి కాబట్టి అందరూ దాన్ని స్నేక్‌పిట్ అనేవారు, అంటే పాముల గుంత. జేమర్సన్ మొదటి ఏడాదే అక్కడికి చేరాడు. డ్రమ్స్ మీద బెన్నీ బెంజమిన్, కీబోర్డ్ మీద ఎర్ల్ వాన్ డైక్, ఇంకా ముగ్గురు గిటారిస్టులు. వీళ్లందరినీ కలిపి ఫంక్ బ్రదర్స్ అన్నారు. సుప్రీమ్స్, టెంప్టేషన్స్, ఫోర్ టాప్స్, స్టీవీ వండర్, మార్విన్ గే... పాడేవాళ్లు మారేవారు, వెనక వాయించేది మాత్రం వీళ్లే. ఫ్రంటెండ్ మారుతూ ఉంటుంది, సర్వర్ ఒకటే అన్నమాట.

ఇప్పుడు గేర్. నేను ఎదురు చూసిన పార్ట్ ఇదే.

ఎలక్ట్రిక్ బేస్‌ని మొదట జనంలోకి తెచ్చింది లియో ఫెండర్. రేడియో రిపేర్ షాపు నడిపిన ఆయన, గిటార్ వాయించడం రాని ఆయన. 1951లో ఫెండర్ ప్రెసిషన్ బేస్ వచ్చింది. దానికి ఫ్రెట్లు ఉంటాయి కాబట్టి స్వరం కచ్చితంగా పలుకుతుంది, అందుకే ఆ పేరు. జేమర్సన్ మొదట ఇష్టపడలేదు, డబుల్ బేసే తన వాద్యం అనుకున్నాడు. తర్వాత తోటి బేసిస్టు ఒకాయన ఇచ్చిన 1957 మోడల్ ప్రెసిషన్‌తో ఇటు వచ్చాడు. దాన్ని ఎవరో ఎత్తుకెళ్లారు. ఆ తర్వాత 1962 మోడల్, సన్‌బర్స్ట్ రంగుది తీసుకున్నాడు. దానికి ఫంక్ మెషీన్ అని పేరు. మనం విన్న మోటౌన్ పాటల్లో ఎక్కువ భాగం ఆ ఒక్క బేస్ మీదే పుట్టాయి.

దాని మీద ఏముందో చూడండి. తీగలు లా బెల్లా కంపెనీవి, బాగా లావైన ఫ్లాట్‌వౌండ్. తెగితే తప్ప మార్చేవాడు కాదు. జిడ్డూ దుమ్మూ పట్టిన ఆ పాత తీగల్లోనే ఫంక్ ఉందని ఆయన నమ్మకం. తీగలకీ మెడకీ మధ్య ఎత్తు చాలా ఎక్కువ, వేరేవాళ్లు పట్టుకుంటే వాయించలేకపోయేవారు. బ్రిడ్జి మీద ఉండే లోహపు మూత కింద ఫోమ్ ముక్క, శబ్దం ఎక్కువసేపు సాగకుండా. వాల్యూమ్ ఫుల్లు, టోన్ ఫుల్లు. స్టూడియోలో ఆంప్ ముందు మైక్ కూడా లేదు, బేస్ కేబుల్ నేరుగా కన్సోల్‌లోకి. క్లబ్బులో వాయించేటప్పుడు ఆంపెగ్ బి-15 అనే చిన్న ఆంప్. పెడల్స్ లేవు. కుడి చేతిది ఒక్క చూపుడు వేలు మాత్రమే వాడేవాడు. దాన్ని అందరూ హుక్ అనేవారు, అంటే కొక్కెం. మాకు ట్యుటోరియల్స్‌లో రెండు వేళ్లు మార్చి మార్చి వాయించమంటారు. నేను ఆరు నెలలు అదే ప్రాక్టీస్ చేశా.

ఇది చదివాక నేనూ తీగలు మార్చడం మానేసి చూశా. నాలుగు నెలలకి నా బేస్ శబ్దం తడి కార్డ్‌బోర్డ్ మీద కొట్టినట్టు వచ్చింది. ఫంక్ రాలేదు. తీగలు పాతబడితే చాలదని అప్పుడు తెలిసింది.

ఆయన అసలు చేసింది వేరు. అంతకుముందు పాప్ పాటల్లో బేస్ అంటే కార్డ్‌లోని మొదటి స్వరం, ఐదో స్వరం, మళ్లీ మొదటిది. అదే తిప్పి తిప్పి కొట్టడం. జేమర్సన్ జాజ్ నుంచి వచ్చినవాడు. రెండు కార్డ్‌ల మధ్య ఖాళీలో కార్డ్‌లో లేని స్వరాలు వేసి, ఒక దాని నుంచి ఇంకో దాని మీదకి జారేవాడు. తాళానికి కొంచెం ముందో వెనకో పడేలా కొట్టి, మళ్లీ సమయానికి వచ్చి నిలబడేవాడు. డబుల్ బేస్ అలవాటుతో తీగ నొక్కకుండా విడిచి వాయించే స్వరాలు తెగ వాడేవాడు. చాలాసార్లు ముందు పెట్టేది కార్డ్‌ల కాగితం మాత్రమే, మిగతాది ఆయన అప్పటికప్పుడు కట్టిందే. 1964లో వచ్చిన మై గర్ల్ మొదట్లో గిటార్ రాకముందే వినపడే ఆ బేస్ ఆయనది. అందులో ఎంత తక్కువ వాయించాడో చూడండి. తర్వాత 1967 నాటి బర్నడెట్, 1968 నాటి ఫర్ వన్స్ ఇన్ మై లైఫ్ వినండి. రెండోదాంట్లో పాడేది స్టీవీ వండర్, కింద జేమర్సన్ ఇంకో పాట పాడుతున్నట్టే ఉంటుంది, కానీ ఒక్కచోట కూడా పాటకి అడ్డు రాడు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి ప్లీజ్, ఫోన్ స్పీకర్ వద్దు. సముద్రం అవతల బీటిల్స్ బేసిస్టు పాల్ మెకార్ట్‌నీ కూడా ఈ పాటలు వినే నేర్చుకున్నాడు. తాను నేర్చుకుంటున్నది ఎవరి దగ్గరో ఆయనకి చాలాకాలం తెలియదు.

ఎందుకంటే రికార్డ్ అట్ట మీద పేరు ఉండేది కాదు.

ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. పాడినవాళ్ల పేరుంటుంది, రాసినవాళ్ల పేరుంటుంది, ప్రొడ్యూసర్ పేరుంటుంది. గదిలో కూర్చుని పాటకి నడక ఇచ్చినవాళ్ల పేరు మాత్రం ఉండదు. జీతం ఇచ్చారు కదా అని కొందరంటారు. నిజమే, తర్వాతి రోజుల్లో వారం వారం జీతం ఉండేది. కానీ రెపోలో కోడ్ అంతా మీరు రాసి, కమిట్ హిస్టరీలో మీ పేరు చెరిపేసి, స్టైపెండ్ పడిందిగా అంటే ఒప్పుకుంటారా? సెషన్లు అయిపోయాక రాత్రి ఆ బ్యాచే డెట్రాయిట్‌లో చిట్ చాట్ లౌంజ్ లాంటి క్లబ్బుల్లో తమకి ఇష్టమైన జాజ్ వాయించుకునేది. బయట రేడియోలో మోగేది వీళ్లే, లోపల చిన్న స్టేజి మీద గిగ్ కొట్టేదీ వీళ్లే.

అట్ట మీద పేరు 1971లో వచ్చింది, మార్విన్ గే ఆల్బమ్ వాట్స్ గోయింగ్ ఆన్ మీద. మోటౌన్ ఆల్బమ్‌లో వాయించినవాళ్ల పేర్లన్నీ అలా వేయడం అదే మొదలు. ఆ టైటిల్ పాట రికార్డింగ్ గురించి ఫేమస్ కథ ఒకటుంది. జేమర్సన్ కోసం గే క్లబ్బుల్లో వెతికి పట్టుకొచ్చాడట. అప్పటికే ఎంత తాగి ఉన్నాడంటే స్టూల్ మీద కూర్చోలేక నేల మీద వెల్లకిలా పడుకుని, నొటేషన్ చూస్తూ ఆ పార్ట్ మొత్తం వాయించాడట. మేం కూడా ఈ కథ చెప్పుకుని వావ్ అనుకుంటాం. కానీ ఇంకోసారి ఆలోచిస్తే, 34 ఏళ్ల మనిషి కూర్చోలేని స్థితిలో పనికి వచ్చాడు, గదిలో అందరికీ అది మామూలైపోయింది. తర్వాత జరిగింది చూస్తే ఇది వావ్ అనుకోవాల్సిన కథ కాదు.

1972లో మోటౌన్ డెట్రాయిట్ వదిలేసి లాస్ ఏంజెలెస్‌కి మారిపోయింది. కొందరు వాద్యకారులు సెషన్‌కి వస్తే తలుపు మీద నోటీసు అంటించి ఉందని చెబుతారు. జేమర్సన్ కూడా తర్వాత లాస్ ఏంజెలెస్ వెళ్లాడు. 1973లో మోటౌన్‌తో సంబంధం తెగిపోయింది. అక్కడి ప్రొడ్యూసర్లకి కొత్త రకం శబ్దం కావాలి. మెరుస్తూ గణగణలాడే కొత్త తీగలు కావాలి, రాసిచ్చిన ముక్కనే పాటంతా తిప్పి వాయించాలి. తీగలు మార్చమంటే ఆయన మార్చడు. పదేళ్ల ముందు అందరూ కాపీ కొట్టిన సౌండే ఇప్పుడు పాతదైపోయింది. పని తగ్గింది, తాగుడు పెరిగింది. కాలేయం పాడైంది.

1983 మార్చిలో మోటౌన్ 25 ఏళ్ల వేడుక పాసడీనాలో పెద్ద ఎత్తున జరిగింది. మైఖేల్ జాక్సన్ మొదటిసారి జనం ముందు మూన్‌వాక్ చేసింది ఆ స్టేజి మీదే. ఆ క్లిప్ మనందరం చూశాం. ఆ రోజు జేమర్సన్ కూడా అదే హాల్లో ఉన్నాడు. ఆయన్ని ఎవరూ పిలవలేదు. బ్లాక్‌లో టికెట్ కొనుక్కుని వెళ్లి వెనకెక్కడో కూర్చుని చూశాడు.

ఆగస్టు 2న చనిపోయాడు. 47 ఏళ్లు. అంతకు కొన్ని రోజుల ముందే ఫంక్ మెషీన్‌ని ఎవరో దొంగిలించారు. బతికుండగా అది మళ్లీ ఆయన చేతికి రాలేదు. డెట్రాయిట్‌లోని వుడ్‌లాన్ స్మశానంలో సమాధి చేశారు.

తర్వాత అన్నీ వచ్చాయి. 1989లో ఆయన జీవితం మీద, ఆయన వాయించిన బేస్ పార్ట్‌ల నొటేషన్లతో ఒక పుస్తకం వచ్చింది. 2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వెనక వాయించేవాళ్ల కోసం మొదటిసారి ఒక విభాగం పెట్టి, మొదటి ఏడాదే ఆయన పేరు చేర్చింది. 2002లో ఫంక్ బ్రదర్స్ మీద డాక్యుమెంటరీ వచ్చింది. కొడుకు జేమ్స్ జేమర్సన్ జూనియర్ కూడా బేసిస్టే అయ్యాడు.

కొత్త బేస్ నేనింకా కొనలేదు. దాచిన డబ్బుల్లో కొంత పెట్టి తీగలు మాత్రం మార్చా, నాది జేమర్సన్ వేలు కాదు కదా. అమ్మకి దసరా సెలవుల్లో మంచి హెడ్‌ఫోన్స్ పెట్టి మై గర్ల్ వినిపించా. మొదట్లో వస్తున్న ఆ డుమ్ డుమ్ నువ్వు వాయించేదేనా అని అడిగింది. అవునన్నా. ఫెస్ట్ వీడియో కింద డిస్క్రిప్షన్‌లో ఇప్పుడు ఎవరు ఏం వాయించారో అందరి పేర్లూ ఉన్నాయి. కీబోర్డ్ వాయించిన జూనియర్ పేరులో ఒక అక్షరం తప్పు పడింది, నిన్ననే సరిచేశాం.