రాత్రి బాటకు కన్నులిచ్చిన పెర్సీ షా

రాత్రివేళ దీపములు లేక రహదారి ప్రక్క నిలిచియున్న లారీ, వెనుకనుండి వచ్చు బండివానికి మిక్కిలి దగ్గఱ పడువఱకు కానరాదు. కానవచ్చు నప్పటికి బండి నాపుటకు వ్యవధి యుండదు. ఇట్టి చీకటితో పోరాడినవారిలో ఇంగ్లండు దేశీయుడగు పెర్సీ షా ముఖ్యుడు.

ఇతడు 1890వ సంవత్సరము ఏప్రిల్ 15వ తేదీన హాలిఫాక్సు పట్టణమున బీద కుటుంబమున జన్మించెను. తండ్రి అద్దకపు పని చేయుచోట కూలివాడు. షా పదుమూడవ యేట బడి విడిచి బట్టల మిల్లులో పనికి కుదిరెను. పిమ్మట తారుబాటలు వేయు వృత్తి చేపట్టెను.

ఆ ప్రాంతపు కొండదారిలో ట్రాముపట్టాలు మోటారు దీపముల కాంతికి మెఱసి, రాత్రులు అతనికి త్రోవ చూపుచుండెను. వానిని తీసివేయగా దారి చీకటి యయ్యెను. అంతట నొక పిల్లి కన్నులు తన బండి దీపమునకు మెఱయుట చూచి ఉపాయము గ్రహించెనని చెప్పుదురు. 1934లో పేటెంటు పొంది, 1935లో కార్ఖానా స్థాపించెను.

ఇనుప దిమ్మెలో రబ్బరు తొడుగు, అందు గాజుకన్నులు: ఇదియే ఆ సాధనము. కాంతిని మరలించు గాజు అంతకు ముందే కలదు. షా ప్రతిభ వేఱొక చోట నున్నది. చక్రము మీదుగా పోవునపుడు రబ్బరు క్రిందికి వంగి, కనుఱెప్పవలె గాజును తుడుచును. దిమ్మెలో నిలిచిన వాననీరు అందుకు తోడ్పడును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున వీధిదీపములు ఆర్పివేయబడగా దీని విలువ లోకమునకు తెలిసెను. 1965లో బ్రిటిషు ప్రభుత్వము అతనికి ఓ.బి.ఇ. బిరుదమిచ్చెను. ధనవంతుడైనను షా వివాహమాడక, బాల్యమున పెరిగిన యింటనే నివసించి, 1976లో అచ్చటనే మరణించెను.

నేడు మన దేశపు లారీలకు ముందు తెలుపు, ప్రక్కల పసుపు, వెనుక ఎఱుపు మెఱుపుపట్టీలు అంటింతురు. వానికి సొంత వెలుగు లేదు. ఎదుటి బండి పంపిన కాంతినే దానికి మరలింతురు. కాని వానికి షా కల్పించిన ఱెప్ప లేదు. దుమ్ము, బురద కప్పెనా, అంత పెద్ద లారీయు చీకటిలో కలిసిపోవును.

విద్యార్థులారా! మన పాతబస్తీకి మూసీనది కావలనున్న బేగంబజారునకు సరకు తెచ్చు లారీలను మీరు చూచియుందురు. మీ యిండ్లలో లారీ నడుపు తండ్రులో, మామలో ఉన్నయెడల, బయలుదేఱుటకు ముందు ఆ పట్టీలను తడిగుడ్డతో తుడువుమని చెప్పుడు. అచ్చట రబ్బరుఱెప్ప చేయు పనిని ఇచ్చట మన చేయి చేయవలెను. ముఖ మెఱుగని బాటసారి ప్రాణము కాపాడుటయు పొరుగువానిని ప్రేమించుటయే.